మసాజ్ బుక్ చేసే ముందు: మీకు ఏది పనికొస్తుంది, ఎవరి దగ్గర చేయించుకోవాలి

మెడ తిరగట్లేదని ఫోన్ తీసి దగ్గర్లో మసాజ్ సెంటర్ ఎక్కడుందో వెతికితే బోలెడు పేర్లొస్తాయి. థాయ్, బాలినీస్, స్వీడిష్, డీప్ టిష్యూ, హాట్ స్టోన్, కేరళ ఆయుర్వేద, పైగా కపుల్ ప్యాకేజీ, పండగ ఆఫర్. ఏది దేనికో తెలీదు కాబట్టి చాలామంది ధర చూసి, లేదంటే ఫొటోల్లో కొవ్వొత్తులు, గులాబీ రేకులు చూసి బుక్ చేసేస్తారు. అక్కడ చేతులు వేసే మనిషి ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, మన ఒంట్లో ఏముందో అడిగారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. నన్నడిగితే చూడాల్సింది ముందు అదే. మసాజ్ పేరు ఏదైనా కావచ్చు, ముట్టుకోకముందు నాలుగు ప్రశ్నలు అడిగి, అవసరమైతే "మీకు ఇవాళ చెయ్యకూడదండీ" అని డబ్బులు వదులుకునే మనిషి దొరికితే సగం పని అయిపోయినట్టే.

కింద రాసింది వరసగా చదవండి. మొదటి మూడు మెట్లు వదిలేసి నేరుగా "ఎక్కడికెళ్లాలి" దగ్గరికి పోతే ఉపయోగం తక్కువ.

1. ముందు మీ బాధ ఏ రకమో తేల్చుకోండి

మసాజ్ కావాలనుకునేవాళ్లు మూడు రకాలు. అలసట, టెన్షన్, సరిగ్గా నిద్ర పట్టకపోవడం, ఒక గంట ఫోన్ లేకుండా పడుకోవాలనిపించడం మొదటి రకం. వీళ్లకి శుభ్రంగా ఉన్న ఏ మంచి స్పా అయినా సరిపోతుంది, పెద్దగా ఆలోచించక్కర్లేదు.

రెండో రకం కండరాల నొప్పి. రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చుని మెడ, భుజాలు రాయిలా బిగుసుకుపోవడం, జిమ్‌లో ఎక్కువ చేసి తొడలు పట్టేయడం, దూరం బండి నడిపి నడుం లాగడం. ఇక్కడ ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిన మనిషి కావాలి. నూనె రాసి అటూ ఇటూ రుద్దేస్తే ఆ పూటకి హాయిగా ఉంటుంది, తెల్లారి మళ్లీ అంతే.

మూడోది జబ్బు లేదా దెబ్బ. డిస్క్ సమస్య, కాల్లోకి దిగే తిమ్మిరి, పైకి లేవని భుజం, పక్షవాతం తర్వాత బిగుసుకున్న చెయ్యి, ఆపరేషన్ తర్వాతి నొప్పులు. వీటికి మసాజ్ సెంటర్ మొదటి మెట్టు కాదు. ముందు డాక్టరు, తర్వాత ఆయన పంపితే ఫిజియోథెరపిస్టు, లేదా ఆయుర్వేద డాక్టరు. మసాజ్ ఆ చికిత్సలో ఒక భాగం అవ్వచ్చు, కాకపోనూ వచ్చు.

ఈ మూడింట్లో చేరనివి ఇంకొన్ని ఉన్నాయి. నడుం నొప్పితో పాటు కాలు బలహీనపడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అది ఎమర్జెన్సీ, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ, ఎడమ చెయ్యి, దవడ లాగుతూ చెమట పడుతుంటే "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త బామ్ రాసి రుద్దు" అనే అలవాటు మన ఇళ్లలో గట్టిగా ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి.

2. మసాజ్‌తో అయ్యేది, కానిది

అమ్మేవాళ్లు చెప్పేదానికీ, తేలినదానికీ మధ్య చాలా దూరం ఉంది. నడుం నొప్పి మీద జరిగిన పరిశోధనల్ని, వైద్య ఆధారాల్ని జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2015లో సమీక్షించింది. కొన్ని వారాలుగా, నెలలుగా ఉన్న నొప్పికి మసాజ్ తాత్కాలికంగా ఉపశమనం ఇస్తుందని, దీర్ఘకాలంలో తేడా కనబడలేదని, ఉన్న ఆధారాలు కూడా అంత బలమైనవి కావని తేల్చింది. అమెరికా డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో వేడి కాపడంతో పాటు మసాజ్‌నీ చేర్చింది. అంటే పనికొచ్చేదే, కానీ హద్దు ఉంది. నొప్పి తగ్గిన ఆ కొద్దిరోజుల్లో నడక, వ్యాయామం మొదలుపెట్టి, కూర్చునే తీరు మార్చుకున్నవాళ్లకి మసాజ్ ఉపయోగం నిలుస్తుంది. మళ్లీ అదే కుర్చీలో అలాగే వంగి కూర్చుంటే నిలవదు.

కానివాటి సంగతి. "ఒంట్లో విషాలు బయటికి పోతాయి" అన్నది అమ్మకం మాట. ఆ పని చెయ్యడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి. వ్యాయామం తర్వాత పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తామని కొందరంటారు, అది మామూలుగా గంటా రెండు గంటల్లో దానంతటదే పోతుంది, మర్నాటి ఒళ్లునొప్పులకి కారణం అది కాదు. పొట్ట రుద్దితే కొవ్వు కరగదు. మోకాళ్లలో అరిగిపోయిన గుజ్జు ఏ తైలంతోనూ తిరిగి రాదు, చుట్టూ కండరాలు సడలి నొప్పి కొంత తగ్గొచ్చు, అంతే. ఎవరైనా "మా దగ్గర 7 సిట్టింగుల్లో డిస్క్ లోపలికి వెళ్లిపోతుంది" అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

3. అసలు చేయించుకోకూడని సందర్భాలు

ఈ భాగం కాస్త పెద్దది, కావాలనే.

ఢిల్లీలో 23 ఏళ్ల కుర్రాడికి ఆటలో చీలమండకి దెబ్బ తగిలి కాలికి కట్టు వేశారు. కట్టు తీశాక కూడా కాలు వాచి నొప్పిగా ఉంటే వాళ్లమ్మ నూనె రాసి మర్దన చేసింది. కట్టుతో కదలకుండా ఉన్న ఆ కాలి సిరలో అప్పటికే రక్తం గడ్డ కట్టి ఉంది. మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడింది, కుర్రాడు చనిపోయాడు. ఈ కేసు 2017లో ఒక మెడికో లీగల్ జర్నల్‌లో వచ్చింది, పత్రికలూ రాశాయి. అమ్మ చేసింది మనందరి ఇళ్లలో చేసే పనే. అందుకే చెబుతున్నా: ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతుంటే దాని మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ముఖ్యంగా ఈమధ్య ఆపరేషన్ జరిగినా, కట్టు వేసినా, చాలా రోజులు మంచం మీద ఉన్నా, చాలా గంటలు విమానంలో కదలకుండా కూర్చుని వచ్చినా, కాన్పయి ఎక్కువ రోజులు కాకపోయినా. ముందు సిరలో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్, మిగతావన్నీ తర్వాత.

గుండెకి స్టెంట్ వేసినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు గట్టి మసాజ్ జోలికి వెళ్లకూడదు, లోపల కమిలి రక్తం చేరుతుంది. షుగర్ ఎక్కువ కాలంగా ఉండి అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి వేడి రాళ్లు, వేడి కిళి (మందు ఆకులు, పొడులు కట్టి ఒంటికి అద్దే మూటలు) ప్రమాదం, కాలింది కూడా తెలీదు, పుండు పడితే మానదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ల వీపు మీద మోచేత్తో నొక్కడం, మీదెక్కి తొక్కడం అస్సలు వద్దు. ఉబ్బి మెలికలు తిరిగిన సిరలున్న చోట రుద్దకూడదు. జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద గజ్జి, తామర, చీము పుండ్లు ఉన్నప్పుడు వాయిదా వేసుకోండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు తమ డాక్టర్ని అడిగి, ఆ పరిస్థితికి ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి. బీపీ అదుపులో లేనివాళ్లు ముందు అది చూసుకోవాలి.

"ఇవన్నీ ఇంగ్లీషు డాక్టర్ల భయాలు, మన ఆయుర్వేదంలో అందరికీ మంచిదే" అనేవాళ్లు ఉంటారు. పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం రోజూ అభ్యంగం, అంటే నూనె మర్దన చేసుకోమంటూనే, కఫం పెరిగినప్పుడు, వాంతి, విరేచనం లాంటి శోధన చికిత్స అయిన వెంటనే, అజీర్ణంగా ఉన్నప్పుడు మానెయ్యమని చెప్పింది. ఎవరికి చెయ్యకూడదో చెప్పడం మన సంప్రదాయంలోనూ ఉన్నదే, మెనూ కార్డులోకి వచ్చేసరికి అది రాలిపోయింది.

ఇక మెడ. క్షౌరశాలలో కటింగ్ అయ్యాక తల మీద రెండు దెబ్బలు వేసి, గడ్డం ఒక చేత్తో, తల వెనక ఒక చేత్తో పట్టుకుని టక్కున తిప్పుతారు చూశారా, "టక్" మని శబ్దం వస్తే పని బాగా అయినట్టు లెక్క. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడలోంచే, వెనక రెండైతే ఏకంగా మెడ ఎముకల రంధ్రాల్లోంచే వెళ్తాయి. ఒక్కసారిగా తిప్పినప్పుడు నాళం లోపలి పొర చిరిగితే అక్కడ గడ్డ కట్టి స్ట్రోక్ రావచ్చు. 2024లో బళ్లారికి చెందిన ఒక యువకుడికి తల మసాజ్‌లో మెడ విరిచాక స్ట్రోక్ వచ్చిన సంగతి వార్తల్లో చూసే ఉంటారు. మెడ వెనక్కి వాల్చి బేసిన్‌లో తల కడిగేటప్పుడు కూడా ఇలా జరగొచ్చని 1993లోనే ఒక అమెరికన్ న్యూరాలజిస్టు ఐదుగురు మహిళల కేసులతో రాశాడు. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి బ్యూటీ పార్లర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అరుదే, ఒప్పుకుంటా. కానీ ఆ శబ్దం వల్ల వచ్చే లాభం ఏముందని ఆ రిస్కు? కుర్చీలో కూర్చునేటప్పుడే "అన్నా, తల మసాజ్ చెయ్యి, మెడ మాత్రం తిప్పకు" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

4. మెనూలో ఉన్న పేర్లకి అర్థాలు

స్వీడిష్ అంటే నూనెతో పొడుగ్గా నిమరడం, పిసకడం, తట్టడం, మెత్తగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు దీంతో మొదలుపెట్టడం మంచిది. డీప్ టిష్యూ అంటే లోపలి కండరాల దాకా నెమ్మదిగా, గట్టిగా నొక్కడం, చేసేవాళ్లకి శరీర నిర్మాణం బాగా తెలిసి ఉండాలి. థాయ్ మసాజ్‌లో నూనె ఉండదు, వదులు బట్టలతో చాప మీద పడుకోబెట్టి ఒళ్లు సాగదీస్తారు, దీన్ని యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకి, నడుం ఆపరేషన్ అయినవాళ్లకి పడదు. రిఫ్లెక్సాలజీలో అరికాలి బిందువులకీ కాలేయానికీ, కిడ్నీకీ సంబంధం ఉందంటారు. దానికి ఆధారం లేదు గానీ, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి అరికాళ్లు నొక్కితే ఎంత హాయో నేను చెప్పక్కర్లేదు.

ఆయుర్వేదం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు గందరగోళమంతా ఇక్కడే. నూనెతో ఒళ్లంతా చేసే మర్దన అభ్యంగం. ఇది పంచకర్మ కాదు. పంచకర్మలంటే వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వెయ్యడం), రక్తమోక్షణం (రక్తం తీయడం), ఇవి శరీరాన్ని శోధించే చికిత్సలు. అభ్యంగం, ఆవిరి పట్టించే స్వేదనం వాటికి ముందు చేసే పూర్వకర్మలు. కాబట్టి "గంటలో పంచకర్మ" అన్న బోర్డు కనిపిస్తే ఆ సెంటర్‌లో ఆయుర్వేదం తెలిసినవాళ్లు లేరని అర్థం. వస్తి, విరేచనం లాంటివి డాక్టరు పరీక్షించి రాసి, దగ్గరుండి చూడకుండా చేయించుకోనే కూడదు.

మంచి చోట అభ్యంగం ఎలా ఉంటుందంటే, ద్రోణి అని పొడవాటి చెక్క బల్ల మీద పడుకోబెడతారు, చాలాసార్లు ఇద్దరు చెరో పక్కన నిలబడి ఒకే లయలో చేస్తారు. నూనెని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి గోరువెచ్చగా చేసి, ముందు తమ ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూస్తారు. క్షీరబల, ధన్వంతరం, మహానారాయణం, ఏ తైలం వాడుతున్నారో అడిగితే పేరు చెప్పాలి, సీసా చూపించాలి. ఎక్కువ తైలాలకి నువ్వుల నూనే మూలం. మీకు నువ్వులు పడకపోతే ముందే చెప్పండి. తిన్న వెంటనే వెళ్లకండి.

5. చదువు, సర్టిఫికెట్లు: ఎవరు ఎవరు

మన దేశంలో మసాజ్ చేసేవాళ్లందరికీ కలిపి ఒక లైసెన్సు, ఒక కౌన్సిల్ అంటూ లేదు. నెల రోజులు ఎక్కడో చూసి నేర్చుకున్న మనిషీ థెరపిస్టే, ఏళ్లు చదివిన మనిషీ థెరపిస్టే. అందుకే బోర్డు మీది మాట వదిలేసి, వెనకున్న చదువేంటో చూడాలి.

ఫిజియోథెరపిస్టు అంటే బీపీటీ డిగ్రీ, లేదా ఆపైన ఎంపీటీ. నాలుగేళ్లకు పైగా చదువు, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వీళ్లొస్తారు. దెబ్బలు, ఆపరేషన్ తర్వాతి బిగుతు, పక్షవాతం లాంటివాటికి సరైన మనిషి వీళ్లే. ఆయుర్వేద డాక్టరు అంటే బీఏఎంఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ప్రకృతి వైద్యానికి బీఎన్‌వైఎస్, అదీ అంతే కాలం. డాక్టర్లకి రాష్ట్ర బోర్డు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ప్రిస్క్రిప్షన్ మీద ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి.

అయితే డాక్టరు చూసినా చేతులు వేసేది మాత్రం వేరేవాళ్లు, టెక్నీషియన్లు. చాలామంది తప్పేది ఇక్కడే. గోడ మీద డాక్టరు గారి డిగ్రీ చూసి సంతృప్తి పడతారు, లోపల మర్దన చేసే అబ్బాయి నిన్నే చేరాడో ఏమో. పంచకర్మ టెక్నీషియన్ కోర్సులు ఉన్నాయి, కేరళలో చెరుతురుత్తిలోని జాతీయ పంచకర్మ పరిశోధన సంస్థ ఇలాంటి శిక్షణకి పేరున్న చోటు. స్పా థెరపిస్టులకి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్లు ఉంటాయి. సర్టిఫికెట్ మీద ఇచ్చిన సంస్థ పేరు, నంబరు, ఎన్ని గంటల శిక్షణ అన్నవి ఉండాలి. "ఇంటర్నేషనల్ మాస్టర్ హీలర్" అని బంగారు అక్షరాలతో ఉండి ఇచ్చిందెవరో లేకపోతే దాన్ని పట్టించుకోకండి. ఇంకోవైపు, కాగితం లేకపోయినా ఏళ్ల తరబడి మంచి గురువు దగ్గర నేర్చుకున్న చేతులు కూడా ఉంటాయి, కాదనను. ఒట్టి అలసటకైతే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు, జబ్బుకైతే వద్దంటాను.

డబ్బులు తక్కువున్నా, ఎవర్ని నమ్మాలో తెలీకపోయినా ప్రభుత్వ ఆసుపత్రితో మొదలుపెట్టండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, వరంగల్‌లో, విజయవాడలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలల ఆసుపత్రులున్నాయి, తిరుపతిలో టీటీడీ వారి ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. హంగులుండవు, వరసలో కూర్చోవాలి, కానీ ముందు డాక్టరు చూస్తారు. కేరళ వెళ్లి చేయించుకోవాలనుకుంటే అక్కడి పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకి గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ లాంటి గుర్తింపులు ఇస్తూ వచ్చింది, ఆసుపత్రులకైతే నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందేమో చూడండి. పేరులో "కేరళ" ఉన్నంత మాత్రాన అక్కడ చేసేవాళ్లు కేరళలో నేర్చుకున్నవాళ్లని కాదు.

6. ఫోన్ చేసి అడగండి

రెండు నిమిషాల ఫోన్‌తో సగం సెంటర్లు జల్లెడలో పోతాయి. ఇలా అడగొచ్చు: "నాకు నడుం నొప్పి, బీపీకి మాత్రలు వాడుతున్నా. మసాజ్ చేయించుకోవచ్చా? చేసేదెవరు, ఏం శిక్షణ తీసుకున్నారు?"

"రండి సార్, వచ్చాక చూద్దాం, ఇవాళ ఆఫర్ ఉంది" అంటే ఒక లెక్క. "బీపీ ఎంత ఉంటోంది? నొప్పి కాల్లోకి దిగుతోందా? డాక్టరుకి చూపించారా?" అని ఎదురు ప్రశ్న వస్తే ఇంకో లెక్క. రెండోదాన్ని పట్టుకోండి. ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారా అన్నది కూడా ఫోన్‌లోనే తేల్చుకోండి, ఆయుర్వేద కేంద్రాల్లో ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు చెయ్యడమే పద్ధతి. మాటల్లో ద్వంద్వార్థాలు, "స్పెషల్ సర్వీస్", ఫొటోలు పంపుతామనడం, అడ్రస్ చెప్పకుండా "ఫలానా మెట్రో స్టేషన్ దగ్గరికొచ్చి కాల్ చెయ్యండి" అనడం, ఇలాంటివి వినిపిస్తే ఫోన్ పెట్టెయ్యండి. అలాంటి చోట్ల మీద 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద పోలీసు దాడులు జరుగుతూనే ఉంటాయి. వీటి వల్ల నిజాయితీగా ఈ పని చేసుకునే అమ్మాయిలకి, అబ్బాయిలకి చెడ్డపేరు, అది వేరే బాధ.

7. అక్కడికి వెళ్లాక చూడాల్సినవి

రిసెప్షన్‌లో మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, రేట్ల పట్టిక కనబడాలి, బిల్లు ఇవ్వాలి. ఒక ఫారం ఇచ్చి జబ్బులు, మందులు, ఆపరేషన్లు, అలర్జీలు రాయమంటారు. రాయమనడం కంటే, రాసినదాన్ని థెరపిస్టు చదివారా అన్నది ముఖ్యం. గదిలోకి వెళ్లాక బల్ల మీద దుప్పటి మీ కళ్లముందు మార్చారా, తువ్వాలు ఉతికిన వాసన వస్తోందా, పాత నూనె వాసన వస్తోందా చూడండి. థెరపిస్టు గోళ్లు కత్తిరించి ఉండాలి, ఉంగరాలు, వాచీ తీసెయ్యాలి, చేతులు కడుక్కోవాలి. నూనెని వేరే గిన్నెలోకి తీసుకుని వాడాలి, మిగిలింది మళ్లీ సీసాలో పోస్తుంటే అంతకుముందు వచ్చినవాళ్ల నూనె మీ ఒంటికి రాస్తున్నట్టే.

బట్టల విషయంలో మొహమాటం వద్దు. ఎంతవరకు తియ్యాలన్నది మీ ఇష్టం, వాళ్లు బయటికి వెళ్లాకే మార్చుకోవాలి, చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా గుడ్డ కప్పి ఉండాలి. పొట్ట, ఛాతీ, తొడల పైభాగం లాంటి చోట్ల చెయ్యి వేసే ముందు అడగాలి. గదిలో కెమెరా ఉండకూడదు. ఏ క్షణంలోనైనా "ఆపండి" అంటే ఆపాలి, కారణం చెప్పాల్సిన పని లేదు.

మొదలుపెట్టాక కాసేపటికి "ప్రెషర్ సరిపోతోందా మేడం?" అని అడుగుతారు. మనవాళ్లు ఏం బాగుంటుందని ఊరుకుంటారు, పళ్లు బిగబట్టి "పర్లేదు" అంటారు. చెప్పండి. పదికి ఆరు ఏడు నొప్పి దాటి ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే అది ఎక్కువే, ఒళ్లు సడలడానికి బదులు ఇంకా బిగుసుకుంటుంది. నొప్పి పుడితేనే పనిచేస్తుందన్నది నిజం కాదు. కరెంటు షాకులా జిల్లుమన్నా, తిమ్మిరెక్కినా నరం మీద నొక్కుతున్నారని అర్థం, వెంటనే చెప్పాలి. బోర్లా పడుకున్నప్పుడు చీలమండల కింద చిన్న దిండు పెట్టడం, మెడ పక్కకి తిరగకుండా ముఖానికి ఖాళీ ఉన్న బల్ల వాడటం, ఇలాంటివి చేశారంటే పని తెలిసినవాళ్లన్నమాట.

అయ్యాక గభాలున లేవకండి, పక్కకి తిరిగి కూర్చుని కాసేపాగి లేవండి, బీపీ మందులు వాడేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. నూనె కాళ్లతో టైల్స్ మీద నడుస్తారు, జారిపడేది అక్కడే. ఒకట్రెండు రోజులు తేలికపాటి ఒళ్లునొప్పులు మామూలే. కమిలిన మచ్చలు, పెరుగుతున్న నొప్పి, కొత్తగా తిమ్మిరి మామూలు కాదు. తల తిరగడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆసుపత్రికే.

8. ఇంటికొచ్చి చేసేవాళ్లు: పసిబిడ్డలు, బాలింతలు

బిడ్డకి నూనె రాసి నీళ్లు పోసే ఆవిడని మాట్లాడుకోవడం మన దగ్గర ఇప్పటికీ ఉంది, మంచిదే. మెత్తగా నిమిరితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. ఆపాల్సినవి ఏంటంటే, ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యడం, ముక్కు తీరుగా రావాలని నొక్కడం, తల గుండ్రంగా రావాలని అదమడం, కాళ్లు చేతులు బలంగా మెలితిప్పడం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పిల్లల డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. ఆవిడ ఎంత పెద్దావిడైనా సరే, "పిన్నీ, డాక్టరుగారు ముక్కులో వద్దన్నారు" అంటే నొచ్చుకోరు. బాలింతకైతే సిజేరియన్ కుట్ల దగ్గర, వాచిన పిక్కల మీద ఒత్తకూడదు.

9. అమెరికా, కెనడాల్లో ఉంటే

అక్కడ పని తేలిక. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి. టెక్సస్‌లో 500 గంటల శిక్షణ, న్యూయార్క్‌లో 1000 గంటలు. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో, ఏమైనా చర్యలు తీసుకున్నారో కనబడుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్ర లైసెన్సు లేదు, స్వచ్ఛంద సర్టిఫికెట్ ఉంటుంది, అది ఉన్నవాళ్లనే ఎంచుకోండి. కెనడాలో ఒంటారియో లాంటి చోట్ల ఆర్ఎంటీ (రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్ట్) అన్న గుర్తింపు చట్టబద్ధం, చాలా కంపెనీల ఇన్సూరెన్స్‌లో వాళ్ల ఫీజు వెనక్కి వస్తుంది, రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

10. డబ్బులు

మొదటిసారే 10 సిట్టింగుల ప్యాకేజీ కట్టకండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా. ఒకటి చేయించుకోండి, రెండు మూడు రోజులు చూడండి, బాగుంటే అదే థెరపిస్టుని పేరుతో అడిగి ఇంకోటి బుక్ చేసుకోండి. మూడు నాలుగు సార్లయినా నొప్పిలో తేడా లేకపోతే ఐదోసారి వెళ్లకుండా డాక్టర్ని కలవండి. ప్యాకేజీ తీసుకోవాల్సి వస్తే గడువెంత, మధ్యలో మానేస్తే మిగతాది వెనక్కి ఇస్తారా అన్నది బిల్లు మీద రాయించుకోండి. డబ్బు దగ్గర పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. థెరపిస్టు హద్దు మీరి ప్రవర్తిస్తే అక్కడ వాదిస్తూ కూర్చోకుండా బయటికొచ్చి 112కి గానీ, మహిళలైతే 181కి గానీ ఫోన్ చెయ్యండి. బిల్లు, బుకింగ్ మెసేజ్ డిలీట్ చెయ్యకండి, ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అవి కావాలి.